ప్రవచనాల్లోని స్త్రీలను ఎలా చదవాలి: హోషేయ నుంచి ప్రకటన గ్రంథం దాకా

గుంటూరులోనైనా విజయవాడలోనైనా ప్రకటన గ్రంథం మీద కూటాలు పెడితే షామియానా నిండిపోతుంది. ఘటసర్పం, మృగం, ఏడు ముద్రలు, ఏడు పాత్రలు. వీటి మధ్య ముగ్గురు స్త్రీలు కనిపిస్తారు: సూర్యుణ్ణి ధరించుకున్న స్త్రీ, ఎర్రని మృగం మీద కూర్చున్న మహావేశ్య, గొర్రెపిల్లకు భార్య కాబోయే పెండ్లికుమార్తె. సరిగ్గా వీళ్ల దగ్గరే చాలా ప్రసంగాలు దారి తప్పుతాయి. ఎవరి మీద కోపం ఉంటే వాళ్లు మహావేశ్య అయిపోతారు. చెప్పేవాళ్ల సంఘం మాత్రం పెండ్లికుమార్తె అవుతుంది. వినేవాళ్లు అదంతా నోట్సు రాసుకుని ఇంటికి వెళ్లి, పక్కింటి కతోలిక కుటుంబాన్ని వేరే కళ్లతో చూడడం మొదలుపెడతారు.

ఈ నష్టం చిన్నది కాదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. ప్రవచనంలో గుర్తుగా వచ్చే స్త్రీ దాదాపు ఎప్పుడూ ఒక పట్టణమో, ఒక ప్రజో అయి ఉంటుంది. ఆమె బొమ్మ అంతకుముందే ఒక ప్రవక్త గీసి ఉంటాడు. ముందు ఆ పాత పేజీ తియ్యాలి. న్యూస్ పేపర్ తర్వాత.

కావలసినవి తక్కువే. రెఫరెన్సులున్న బైబిలు, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు. బైబిలు పదానుక్రమణిక దొరికితే మంచిది, లేకపోతే ఫోనులో బైబిలు యాప్ వెతుకుడు సరిపోతుంది. ప్రతి అధ్యాయాన్నీ ఒకసారి గట్టిగా పైకి చదివాకే పెన్సిలు పట్టండి. ప్రకటన గ్రంథం సభలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినేందుకు రాసింది. ప్రకటన 1:3లో చదివేవాడికీ వినేవాళ్లకీ వేరువేరుగా ధన్యత చెప్పింది అందుకే.

మొదటి మెట్టు: ఆమె నిజంగా ఉన్న మనిషా, గుర్తా?

అందరినీ ఒకే గాటన కట్టకూడదు. హోషేయ పెళ్లి చేసుకున్న గోమెరు తండ్రి పేరుతో సహా కనిపించే మనిషి, దిబ్లయీము కూతురు. ఆమె కాపురమే ఇశ్రాయేలుకు సూచన అయింది. యెహెజ్కేలు 23లోని ఒహొలా, ఒహొలీబా అనే అక్కచెల్లెళ్లు అలా కాదు. వాళ్లు ఎవరింట్లోనూ పుట్టలేదు. ఒహొలా అంటే షోమ్రోను, ఒహొలీబా అంటే యెరూషలేము అని ప్రవక్తే నాలుగో వచనంలో చెప్పేశాడు. శారా, హాగరు మూడో రకం. ఆదికాండంలో వాళ్లు కన్నీళ్లు, కక్షలు ఉన్న నిజమైన ఆడవాళ్లు. గలతీ 4లో పౌలు వాళ్లను రెండు నిబంధనలకు గుర్తుగా చూపిస్తూ, తాను అలంకారరూపంగా మాట్లాడుతున్నానని ముందే చెప్పుకున్నాడు.

ఇక తుయతైర సంఘానికి రాసిన మాటల్లో వచ్చే యెజెబెలు. ఆ సంఘంలో తానే ప్రవక్త్రినని చెప్పుకున్న ఒక స్త్రీకి, లేదా ఒక వర్గానికి, అహాబు భార్య పేరు తగిలించినట్టు ఎక్కువమంది చదువుతారు. నాకూ అదే సబబు అనిపిస్తుంది. అక్కడి ఫిర్యాదు జారత్వం చేయమని, విగ్రహాలకు అర్పించిన వాటిని తినమని చెప్పే బోధ గురించి. ఆడవాళ్లు బొట్టు పెట్టుకున్నా, నగలు వేసుకున్నా, సంఘంలో గట్టిగా ఒక మాట అడిగినా యెజెబెలు అని ముద్ర వేయడానికి ఆ వచనంలో చోటు లేదు.

ప్రతి స్త్రీనీ గుర్తు చేసేయాలనే ఆత్రం కూడా మంచిది కాదు. యెషయా 7:14లో బిడ్డను కనే కన్యక విషయంలో మొదటి ప్రశ్న ఆహాజు రాజు కాలంలో ఆ మాట ఏం చెప్పింది, మత్తయి దాన్ని ఎలా అందుకున్నాడు అన్నదే. ఆమెలో ఏదో సంఘాన్ని వెతకనక్కర్లేదు.

రెండో మెట్టు: ఆ అధ్యాయమే ఇచ్చిన తాళంచెవి

ప్రకటన 17 చదివి భయపడిపోయేవాళ్లకు నేను ముందు చూపించేది, ఆ అధ్యాయంలో సగానికి పైగా వివరణే ఉందన్న సంగతి. ఏడో వచనంలో దూత ఎందుకు ఆశ్చర్యపడుతున్నావని యోహానును అడిగి, వరసగా విప్పి చెబుతాడు. ఏడు తలలు ఏడు కొండలు, ఏడుగురు రాజులు (9, 10). ఆమె కూర్చున్న నీళ్లు ప్రజలు, జనసమూహాలు, రకరకాల భాషలు మాట్లాడేవాళ్లు (15). ఆ స్త్రీ భూరాజుల్ని ఏలే మహాపట్టణం (18). అంటే పద్దెనిమిదో వచనం తర్వాత ఆమె ఎవరో ఒక ఆడమనిషి అని చెప్పడానికి వీల్లేదు.

పెండ్లికుమార్తె వేసుకున్న మెరిసే సన్నపునార బట్ట పరిశుద్ధుల నీతిక్రియలని 19:8 చెబుతుంది. 21:9లో ఆమెను చూపిస్తానని పిలిచిన దూత, తీరా కొండెక్కించి చూపించింది యెరూషలేము పట్టణాన్ని.

నోటుబుక్కులో ఒక పేజీని రెండుగా విడదీసి, ఎడమవైపు గుర్తు, కుడివైపు ఆ అధ్యాయమే ఇచ్చిన అర్థం రాయండి. అధ్యాయం అర్థం ఇవ్వకపోతే కుడివైపు ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలు సొంత ఊహలతో నింపకపోవడమే ఈ మెట్టులో అసలు కష్టం.

మూడో మెట్టు: ఆ స్త్రీ ఏ పాత పేజీలోంచి వచ్చింది?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. రెండు సాయంత్రాలు పట్టినా ఫర్వాలేదు.

ప్రకటన 12తో మొదలుపెడదాం. సూర్యుణ్ణి ధరించుకుంది, కాళ్లకింద చంద్రుడు, తలమీద పన్నెండు నక్షత్రాల కిరీటం. సూర్యచంద్రులు, నక్షత్రాలు ఒకేచోట కలిసి వచ్చిన పాత కథ ఏది? ఆదికాండం 37:9, యోసేపు కల. అక్కడ పదకొండు నక్షత్రాలు అన్నదమ్ములు, యోసేపుతో కలిపితే పన్నెండు గోత్రాలు. యాకోబు ఆ కల వినగానే అది తన ఇంటి గురించేనని గుర్తుపట్టాడు. కాబట్టి ఈ స్త్రీ మొహంలో మొదట ఇశ్రాయేలు పోలికలు కనిపిస్తాయి.

తర్వాత ఆమె ప్రసవవేదనతో కేకలు వేస్తుంది. మీకా 4:10 తియ్యండి. సీయోను కుమారి నొప్పులు పడుతూ బబులోను దాకా వెళ్తుంది, అక్కడే ఆమెకు విడుదల. యెషయా 66:7, 8లో సీయోను నొప్పులు రాకముందే మగపిల్లవాణ్ణి కంటుంది. ప్రకటన 12లో పుట్టినవాడు ఇనుపదండంతో జనాల్ని ఏలేవాడు, అది రెండో కీర్తనలో అభిషిక్తుడికి చెప్పిన మాట. పక్కనే నోరు తెరుచుకుని ఘటసర్పం. స్త్రీకీ సర్పానికీ, ఆమె సంతానానికీ దాని సంతానానికీ వైరం అన్న ఆదికాండం 3:15 ఇక్కడ గుర్తురాకపోతే ఆశ్చర్యమే.

ఆమె అరణ్యానికి పారిపోతుంది. గొప్ప పక్షిరాజు రెక్కలు రెండు ఇస్తారు. గద్ద రెక్కలమీద మిమ్మల్ని మోసి తెచ్చానని దేవుడు నిర్గమకాండం 19:4లో ఐగుప్తు నుంచి వచ్చినవాళ్లతో అన్నాడు. ఆమె అక్కడ పోషణ పొందుతుంది, మన్నా తిన్న తరంలాగే. సర్పం నదిలాంటి నీళ్లు వెళ్లగక్కితే భూమి నోరు తెరిచి మింగేస్తుంది. ఎర్రసముద్రం పాటలో, నిర్గమకాండం 15:12లో కూడా భూమి శత్రువుల్ని మింగింది.

ఈ రెఫరెన్సులన్నీ పక్కపక్కన పెడితే పన్నెండో అధ్యాయం స్త్రీ ఎవరో చాలావరకు తేలిపోతుంది. మెస్సీయను కన్న దేవుని ప్రజ ఆమె. ఆ ప్రజ మెస్సీయ తర్వాత ఆగిపోలేదు. 17వ వచనంలో ఆమె సంతానంలో మిగిలినవాళ్లు యేసును గురించిన సాక్ష్యం పట్టుకున్నవాళ్లు, కాబట్టి సంఘం కూడా ఆమె పిల్లలే.

మహావేశ్యకు కూడా ఇదే పని చేయండి. యిర్మీయా 51వ అధ్యాయం ఒక్కటి పక్కన తెరిచిపెట్టుకుంటే చాలు. బబులోను యెహోవా చేతిలో బంగారు పాత్ర (7), విస్తార జలాల దగ్గర నివసించేది (13), నా జనులారా బయటకు రండి అన్న పిలుపు (45), చివర శెరాయా ఆ పుస్తకానికి రాయి కట్టి యూఫ్రటీసులో విసిరేయడం (63, 64). ఇవన్నీ ప్రకటన 17, 18లో తిరిగి వస్తాయి. చివరిది తిరగలిరాయిగా మారి సముద్రంలో పడుతుంది. నేను రాణిని, విధవను కాను అన్న ఆమె గర్వం యెషయా 47లోది. రాజులతో వ్యభిచారం అన్న మాట యెషయా 23లో తూరుకు, నహూము 3:4లో నీనెవెకు వాడారు. తూరు విషయంలో ఆ వ్యభిచారం ప్రపంచ రాజ్యాలన్నిటితో చేసిన వ్యాపారం. యెహెజ్కేలు 23లో అష్షూరుతో, బబులోనుతో కలుపుకున్న రాజకీయ పొత్తులు, వాటి వెంట వచ్చిన విగ్రహాలు. ప్రవక్తలు ఈ బొమ్మను వాడినప్పుడు వాళ్ల కళ్లు రాజమహళ్ల మీద, బజారుల మీద, బలిపీఠాల మీద ఉన్నాయి. పడకగదుల మీద లేవు.

ఆ పొత్తులు చివరికి ఎలా ముగుస్తాయో కూడా యెహెజ్కేలే చెప్పాడు. విటకాండ్రే ఆమె మీద పడతారు. ప్రకటన 17:16లో ఆమెను మోసిన మృగమే ఆమెను ద్వేషించి కాల్చేస్తుంది.

నాలుగో మెట్టు: మొదట విన్నవాళ్ల చెవులతో వినండి

ప్రకటన గ్రంథం ఆసియా రాష్ట్రంలోని ఏడు సంఘాలకు వెళ్లింది. సుమారు క్రీ.శ. 95లో, దొమితియను చక్రవర్తి రోజుల్లో రాసిందని ఎక్కువమంది పండితుల అంచనా. ఆ సంఘాలవాళ్లకు రోమును ఒక స్త్రీగా చూడడం కొత్తేమీ కాదు. రోమా అనే దేవతకు స్ముర్నలో, పెర్గములో గుడులున్నాయి. వెస్పాసియను చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 71లో, ఆ దేవత ఏడు కొండల మీద కూర్చున్న బొమ్మతో నాణేలు ముద్రించారు. యోహాను అదే బొమ్మను తీసుకుని, ఆమె చేతిలో కత్తి బదులు ఏహ్యమైనవాటితో నిండిన పాత్ర పెట్టాడు. యెరూషలేమును క్రీ.పూ. 586లో బబులోను తగలబెట్టింది, క్రీ.శ. 70లో రోము తగలబెట్టింది. అప్పటి యూదుల రచనల్లో రోముకు బబులోను అన్న మారుపేరు ఊరికే పడలేదు. మొదటి పేతురు 5:13లోని బబులోను కూడా రోమే అని చాలామంది చదువుతారు.

పద్దెనిమిదో అధ్యాయంలో వర్తకులు ఏడుస్తూ చెప్పే సరుకుల జాబితాను నిదానంగా చదవండి. బంగారం, వెండి, రత్నాలు, ముత్యాలు, సన్నపునార, ఊదా రంగు బట్ట, పట్టు, దంతం, ఇత్తడి, ఇనుము, చలువరాయి, దాల్చినచెక్క, సాంబ్రాణి, ద్రాక్షారసం, నూనె, గోధుమలు, పశువులు, గుర్రాలు, రథాలు. అన్నిటికంటే చివర, ఇంకో సరుకులాగా, దాసులు, మనుషుల ప్రాణాలు. బంగారంతో మొదలైన చిట్టా మనిషితో ముగుస్తుంది. మహావేశ్య ఎందుకు కూలిందో అడిగేవాళ్లకు నేను ఈ రెండు వచనాలే చూపిస్తాను, 18:12, 13.

మన ప్రాంతంవాళ్లకు ఇందులో ఇంకో ఆసక్తి ఉంది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిపెట్టిన ఓడ ప్రయాణాల వివరాల్లో మసాలియా అనే తీరం వస్తుంది, అక్కడ సన్నబట్ట విస్తారంగా నేస్తారని. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారులు గుర్తిస్తారు. ఆంధ్రదేశంలో రోమన్ నాణేలు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ మహాపట్టణం కట్టుకున్న సొగసుల్లో కృష్ణా తీరపు చేతుల కష్టం కూడా ఉందన్నమాట. ఆ అధ్యాయాన్ని దూరదేశపు కథగా నేను చదవలేను.

అయితే రోము అని చెప్పి పుస్తకం మూసేస్తే సరిపోదు. తూరు, నీనెవె, బబులోను, రోము అందరూ ఒకే బట్టలు తొడుక్కున్నారు కాబట్టి ఆ బట్టలు తర్వాత వచ్చే ఏ పట్టణానికైనా సరిపోవచ్చు. మనుషుల ప్రాణాలు సరుకైన చోటల్లా ఈ ప్రశ్న వేసుకోవాలి.

ఐదో మెట్టు: జంటగా చూడండి

ప్రకటన 17:1, 21:9 రెండూ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. రెండుచోట్లా ఏడు పాత్రలు పట్టుకున్న దూతల్లో ఒకడు వస్తాడు. రెండుచోట్లా రా, నీకు చూపిస్తానంటాడు. ఒకసారి ఆత్మవశుడైన యోహానును అరణ్యానికి తీసుకుపోతాడు, ఇంకోసారి ఎత్తైన కొండకు. ఒక స్త్రీ రత్నాలు ఒంటిమీద వేసుకుంది, రెండో ఆమెకు పునాదులే రత్నాలు. ఒకామె చేతిలో మత్తెక్కించే పాత్ర, రెండో ఆమె మధ్యనుంచి జీవజలాల నది. ఎవరిలో కాపురం ఉంటావని రచయిత వినేవాణ్ణి అడుగుతున్నట్టుంటుంది.

ఈ జంటను మేము, వాళ్లు అని విడగొట్టడానికి తొందరపడకండి. యెషయా 1:21లో వేశ్య అయిపోయింది నమ్మకమైన పట్టణమే, యెరూషలేమే. అదే యెషయా 62:4లో ఆ పట్టణానికే హెప్సీబా (ఆమెయందే నా ఆనందం) అని, దాని దేశానికి బ్యూలా (పెళ్లయినది) అని కొత్త పేర్లు పెట్టాడు. (మన సంఘాల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఆ రెండో పేరుందో!) విలాపవాక్యాల మొదటి వచనంలో విధవలా కూర్చున్నది కూడా ఆమే. ఒకే స్త్రీ వేశ్య, విధవ, వధువు. నా జనులారా దాన్ని విడిచి రండి అన్న 18:4 పిలుపు దేవుని ప్రజలకే వచ్చింది. వాళ్లు లోపల ఉన్నారు కాబట్టే ఆ పిలుపు.

ఆరో మెట్టు: సంఘ చరిత్రలో ఎవరెలా చదివారు

ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండకు లక్షల్లో జనం వస్తారు, కొండమీది శిలువ దాకా ఎక్కుతారు. మరియమాతను సూర్యుణ్ణి ధరించుకున్న స్త్రీగా చూడడం కతోలికులకు ఆరాధనలో భాగం. ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ పూజలో మొదటి పఠనం ఈ పన్నెండో అధ్యాయం నుంచే. వాళ్ల బైబిల్లో పుస్తకం పేరు దర్శన గ్రంథం. మరోవైపు మూడో శతాబ్దపు సంఘ బోధకుడు హిప్పోలితు ఆమెను సంఘంగా చదివాడు. ఆ కొడుకు క్రీస్తే అయినప్పుడు తల్లి దగ్గర మరియ జ్ఞాపకం రావడం సహజం. మిగిలిన సంతానం గురించిన 17వ వచనం మాత్రం బొమ్మను ఆమెకంటే పెద్దది చేస్తుంది. నా ఉద్దేశంలో ఆమె మొదట దేవుని ప్రజ, ఆ ప్రజలో మరియ ఉంది. గుణదల వెళ్లే స్నేహితులతో ఈ మాట ప్రశాంతంగానే మాట్లాడుకోవచ్చు.

గుంటూరు 1842లో మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటి నుంచి లూథరన్లకు పెద్ద కేంద్రం. కాబట్టి ఇటువైపు చరిత్ర కూడా దాచకూడదు. 1522 సెప్టెంబరులో లూథర్ జర్మన్ కొత్త నిబంధన వచ్చినప్పుడు, క్రానాక్ అనే చిత్రకారుడి బొమ్మలో మహావేశ్య తలమీద పోపు ధరించే మూడంతస్తుల కిరీటం ఉంది. గొడవ అయ్యాక డిసెంబరు ముద్రణలో దాన్ని మామూలు కిరీటం చేశారు. ఐదొందల ఏళ్లనాటి ఆ తగాదాకు దాని కారణాలు దానికున్నాయి. దాన్ని తెచ్చి ఇవాళ మన వీధిలో పొరుగువాళ్ల నెత్తిన పెట్టడం వ్యాఖ్యానం అనిపించుకోదు.

ఏడో మెట్టు: తేదీల జోలికి వెళ్లకండి

2017 సెప్టెంబరు 23న ఆకాశంలో కన్యారాశి, చంద్రుడు, గ్రహాలు ప్రకటన 12 బొమ్మలా అమరుతాయని ప్రపంచమంతా వీడియోలు తిరిగాయి. ఆ రోజు వచ్చింది, పోయింది. 1260 దినాలు, 42 నెలలు, కాలము కాలములు అర్ధకాలము, మూడూ ఒకే నిడివి, దానియేలు 7:25 నుంచి వచ్చిన హింసాకాలపు లెక్క. పన్నెండో అధ్యాయంలో ఆ లెక్క ఆ స్త్రీ పోషణకు పెట్టిన గడువు. అంటే కష్టకాలానికి హద్దు ఉంది, అంతసేపూ ఆమెకు తిండి ఉంది. హింసలో ఉన్నవాళ్లకు ఇది టెన్షన్ పెంచే మాట కాదు.

ఎనిమిదో మెట్టు: ఆడవాళ్ల ముందు ఈ భాగాలు చదవడం

హోషేయ 2, యెహెజ్కేలు 16, 23 అధ్యాయాల్లో భార్యను బట్టలు ఊడదీసి అవమానించే మాటలున్నాయి. కాటేజీ ప్రేయర్‌లో కూర్చున్న వాళ్లలో మొగుడి చేత దెబ్బలు తిని వచ్చిన అమ్మాయి ఉండవచ్చు. తయారీ లేకుండా ఈ భాగాలు పైకి చదవకండి. ఇది కొత్త జాగ్రత్త కూడా కాదు. యెహెజ్కేలు 16ను సమాజమందిరంలో ప్రవక్తల పాఠంగా చదవకూడదని రబ్బీ ఎలీయెజెరు అన్నట్టు యూదుల పాత ధర్మ సంకలనం మిష్నాలో ఉంది.

చదవాల్సి వస్తే రెండు సంగతులు ముందే చెప్పండి. ఒకటి, ఆ భార్య అన్న బొమ్మ కింద నిలబెట్టి ప్రవక్త తిట్టింది ఎక్కువగా మగవాళ్లనే: రాజులు, యాజకులు, పొత్తులు కుదిర్చిన అధిపతులు. మీరు ఆ భార్య అని మగవాళ్ల మొహంమీద అనడమే ఆ ప్రసంగం. భార్యను కొట్టడానికి అందులో అనుమతి వెతికేవాడు తాను ఏ కుర్చీలో కూర్చున్నాడో మరచిపోయాడు. రెండు, యెహెజ్కేలు 16ను 4వ వచనం నుంచి చదవండి. బొడ్డు కోయలేదు, నీళ్లతో కడగలేదు, ఉప్పు రాయలేదు, పొత్తిగుడ్డల్లో చుట్టలేదు. పుట్టిన రోజే ఆడబిడ్డను పొలంలో పారేశారు. ముళ్లపొదల్లో పసికందు అన్న వార్త మనకూ అప్పుడప్పుడు పేపర్లో కనిపిస్తుంది. ఆ నెత్తుటిలో పొర్లుతున్న పిల్లను చూసి బ్రతుకు అన్నవాడే ఈ అధ్యాయంలో దేవుడు. అదే అధ్యాయం 49వ వచనంలో సొదొమ దోషాన్ని కూడా చెబుతుంది: గర్వం, కడుపునిండా తిండి, తీరుబడి, దీనులకు చేయి అందించకపోవడం.

సాధనకు రెండు భాగాలు

జెకర్యా 5:5-11. కొలపాత్రలో కూర్చున్న స్త్రీ, సీసపు మూత, కొంగ రెక్కలున్న ఇద్దరు స్త్రీలు, షీనారు దేశం. రెండో మెట్టు ప్రకారం చూస్తే ఆమె దుష్టత్వమని దూతే చెప్పాడు. మూడో మెట్టుకు ఆదికాండం 11 తియ్యండి, షీనారు బాబెలు కట్టిన మైదానం. కొలపాత్ర ఎందుకన్నదానికి ఆమోసు 8:5లో తూము చిన్నది చేసి అమ్మే వర్తకులను చూడండి. పాపాన్ని మూతపెట్టి దేశం నుంచి ఎగుమతి చేసేస్తున్నాడు దేవుడు, దాని సొంత ఊరికి. రెక్కల స్త్రీలు ఎవరో దూత చెప్పలేదు, ఆ గడి ఖాళీగానే ఉంచండి.

రెండోది యోహాను రెండవ పత్రిక. పదమూడే వచనాలు, ఒకసారి కూర్చుంటే అయిపోతుంది. ఏర్పరచబడిన అమ్మగారు, ఆమె పిల్లలు, ఆఖరి వచనంలో ఆమె సహోదరి పిల్లలు. ఆమె ఒక ఇంటి యజమానురాలా, ఒక సంఘమా? నాలుగో వచనం నుంచి పదమూడు దాకా "నీవు", "మీరు" ఎక్కడెక్కడ మారుతున్నాయో పెన్సిలుతో గీతలు గీసి, మీ జవాబుకు ఆధారమైన వచనం నంబరు పక్కన వేయండి.